కౌమారంలో ఎముక క్యాన్సర్

కౌమారంలో ఎముక క్యాన్సర్ అనగా సుమారు 10 నుండి 19 సంవత్సరాల వయసు గల పిల్లలలో ఎముకలోనే పుట్టి పెరిగే ప్రాణాంతక కణితి. పెద్దవారిలో రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రొస్టేట్ గ్రంథి వంటి అవయవాలలో పుట్టిన క్యాన్సర్ తరువాత ఎముకలకు పాకడం ఎక్కువగా కనిపిస్తుంది. కౌమారంలో అలా కాక, ఎముకలోనే మొదలైన కణితులే ఎక్కువ. వీటిలో ఆస్టియోసార్కోమా మొదటిది, యూయింగ్ సార్కోమా రెండవది. ఇవి అరుదైన వ్యాధులు. అన్ని వయసులవారినీ కలిపి చూస్తే ఆస్టియోసార్కోమా ఏటా 10 లక్షల మందిలో 3 నుండి 4 మందికి వస్తుంది. 15 నుండి 19 సంవత్సరాల వయసువారిలో ఈ సంఖ్య 8 నుండి 11 వరకు ఉంటుంది.

1970వ దశకానికి ముందు ఈ వ్యాధికి కాలు లేదా చేయి తొలగించడమే చికిత్స. అలా తొలగించినా ప్రతి 5 మందిలో సుమారు నలుగురు ఊపిరితిత్తులకు వ్యాధి పాకి మరణించేవారు. నేడు వ్యాధి ఇతర అవయవాలకు పాకకముందే సంపూర్ణ చికిత్స పొందినవారిలో 60 నుండి 70 శాతం మంది 5 సంవత్సరాలకు పైగా జీవిస్తున్నారు. ప్రత్యేక కేంద్రాలలో చికిత్స పొందేవారిలో అత్యధికులకు కాలు తొలగించవలసిన అవసరం కూడా ఉండదు. అయితే ఈ ఫలితం వ్యాధిని ఎంత త్వరగా గుర్తించారు, మొదటి పరీక్షలు ఎక్కడ చేశారు, చికిత్సను చివరివరకు కొనసాగించారా అనే మూడు విషయాలపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఎముక పెరుగుదల – వ్యాధి పుట్టుక

పిల్లలలో పొడవాటి ఎముకల చివరి భాగాలకు సమీపంలో మృదులాస్థితో కూడిన పెరుగుదల ఫలకాలు ఉంటాయి. కౌమారంలో పిల్లలు ఒక్కసారిగా పొడవు పెరిగే కాలంలో ఈ ఫలకాల వద్ద కణవిభజన అతివేగంగా జరుగుతుంది. కాలి పొడవులో అధికభాగం మోకాలి పరిసరాలలోనే పెరుగుతుంది. ఆస్టియోసార్కోమా కూడా ఎక్కువగా అక్కడే, అనగా తొడ ఎముక క్రింది భాగంలోను, మోకాలి దిగువన గల అంతర్జంఘిక పైభాగంలోను పుడుతుంది. ఆ తరువాతి స్థానం భుజం దగ్గరి ఎముకది. ఈ కణితిలోని కణాలు అపరిపక్వమైన ఎముక పదార్థాన్ని తయారు చేస్తాయి. సూక్ష్మదర్శినిలో దీనిని చూసి వ్యాధిని గుర్తిస్తారు. బాలురలో ఇది కొంచెం ఎక్కువ. బాలికలకు ఎదుగుదల ముందుగా మొదలవుతుంది గనుక వారిలో వ్యాధి కూడా కొంత తక్కువ వయసులోనే కనిపిస్తుంది.

యూయింగ్ సార్కోమాను అమెరికా వ్యాధి శాస్త్రవేత్త జేమ్స్ యూయింగ్ 1921లో వర్ణించాడు. ఇది పొడవాటి ఎముకల మధ్యభాగంలోను, కటి ఎముకలలోను, పక్కటెముకలలోను ఎక్కువగా పుడుతుంది. ఈ కణితులలో అత్యధికభాగం 11వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కోవడం వల్ల ఏర్పడతాయి. ఈ మార్పు కణితి కణాలలో మాత్రమే జరుగుతుంది. తల్లిదండ్రుల నుండి సంక్రమించేది కాదు.

కారణాలు

చాలామంది రోగులలో ప్రత్యేకమైన కారణం ఏదీ కనిపించదు. కొద్దిమందిలో మాత్రం ఈ క్రింది అంశాలు ముప్పును పెంచుతాయి.

* కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌కు కారణమయ్యే జన్యులోపం వంశపారంపర్యంగా ఉండడం.
* ఒకే కుటుంబంలో చిన్న వయసులోనే పలురకాల క్యాన్సర్లు కలిగించే లీ-ఫ్రామెనీ లక్షణ సముదాయం.
* మరొక క్యాన్సర్‌కు గతంలో రేడియేషన్ చికిత్స పొంది ఉండడం. 1920వ దశకంలో అమెరికాలో గడియారాల ముఖాలకు రేడియం రంగు పూస్తూ కుంచెను పెదవులతో సరిచేసుకున్న యువతులలో కొందరికి ఎముక క్యాన్సర్ రావడంతో ఈ సంబంధం లోకానికి తెలిసింది.

ఆటలలో తగిలిన దెబ్బ వల్ల ఎముక క్యాన్సర్ రాదు. దెబ్బ తగిలినప్పుడు ఆ భాగాన్ని పరిశీలించడం వల్ల, అప్పటికే అక్కడ ఉన్న కణితి బయటపడుతుంది. ఇది అంటువ్యాధి కాదు. రోగితో కలిసి భోజనం చేసినా, ఒకే బల్లపై కూర్చుని చదువుకున్నా ఇతరులకు రాదు. ఆహారలోపం వల్ల గాని, తల్లిదండ్రుల నిర్లక్ష్యం వల్ల గాని వచ్చేది కాదు.

లక్షణాలు

మొదటి లక్షణం నొప్పి. ఆరంభంలో అది వచ్చి పోతూ ఉంటుంది. పరుగెత్తినప్పుడు, ఆడినప్పుడు ఎక్కువవుతుంది. కొన్ని వారాల తరువాత విశ్రాంతిలో కూడా తగ్గదు, రాత్రివేళ నిద్ర నుండి లేపుతుంది. తరువాత ఆ భాగంలో గట్టి వాపు కనిపిస్తుంది. కుంటడం, మోకాలు పూర్తిగా మడవలేకపోవడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం ఇతర లక్షణాలు. యూయింగ్ సార్కోమాలో జ్వరం, బరువు తగ్గడం కూడా ఉండవచ్చు. అందువల్ల ఇది ఎముకకు చీము పట్టే వ్యాధిగాను, ఎముక క్షయగాను పొరబడే అవకాశం ఉంది.

ఎదిగే పిల్లలకు వచ్చే సాధారణ కాళ్ళ నొప్పులకూ దీనికీ భేదం గమనించాలి. సాధారణ నొప్పులు ఎక్కువగా 12 సంవత్సరాల లోపు పిల్లలలో, రెండు కాళ్ళలోను, సాయంకాలం లేదా రాత్రి వస్తాయి. తెల్లవారేసరికి పిల్లవాడు మామూలుగా పరుగెత్తుతాడు. వాపు, కుంటడం ఉండవు. ఒకే కాలిలో, ఒకేచోట నొప్పి 2, 3 వారాలకు మించి ఉన్నా, రాత్రి నిద్ర చెడగొట్టినా, వాపు కనిపించినా ఎక్స్‌రే తీయించడం అవసరం. అటువంటి పిల్లలలో అధికులకు క్యాన్సర్ ఉండదు. అయినా ఒక ఎక్స్‌రేతో అనుమానం చాలావరకు తీరుతుంది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా నొప్పి తగ్గకుంటే మళ్ళీ వైద్యుని చూడాలి.

ఆలస్యానికి కారణాలు

అనకాపల్లి జిల్లాలోని బుచ్చయ్యపేట మండలం వంటి వ్యవసాయ ప్రాంతాలలో (ఇది 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది) పిల్లవాడి మోకాలి నొప్పికి కబడ్డీలో పడ్డాడనో, సైకిలు మీదనుండి జారాడనో కారణం చెప్పుకోవడం సహజం. మొదట అమృతాంజనం, తరువాత నూనె మర్దన, అప్పటికీ తగ్గకుంటే పసరు కట్టు. తెలుగునాట ఎముకలు కట్టే వైద్యానికి పుత్తూరు వంటి ఊళ్ళు తరతరాలుగా ప్రసిద్ధి చెందాయి. విరిగిన ఎముక సంగతి ఎలా ఉన్నా, కణితి ఉన్న ఎముకకు గట్టి మర్దన, లాగి కట్టడం, వాతలు పెట్టడం హాని చేస్తాయి. కణితి వల్ల గుల్లబారిన ఎముక విరిగితే దానిలోని కణాలు చుట్టూ ఉన్న కండరాలలోకి చిందుతాయి. అప్పుడు కాలు నిలపడం కష్టమవుతుంది. వాతల పుండ్లు, చర్మపు గాయాలు ఉంటే శస్త్రచికిత్స కూడా వాయిదా పడుతుంది.

కట్టు కట్టిన తరువాత కొన్నాళ్ళు నొప్పి తగ్గినట్లు అనిపించవచ్చు. కదలిక లేకపోవడమే అందుకు కారణం. లోపల వ్యాధి పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల కట్టు కట్టించే ముందే ఎక్స్‌రే తీయించాలి.

బడిలో ఉపాధ్యాయులు, ముఖ్యంగా వ్యాయామ ఉపాధ్యాయులు ఈ వ్యాధిని త్వరగా అనుమానించగలరు. బాగా ఆడే పిల్లవాడు ఆటలు మానుకోవడం, ప్రార్థన సమయంలో ఒక కాలిపై బరువు మోపి నిలబడడం, మెట్లు ఎక్కడానికి వెనుకాడడం వారి కంటబడతాయి. బాలికలు నొప్పిని ఇంట్లో చెప్పకుండా ఓర్చుకొనడం కూడా సాధారణమే గనుక వారి విషయంలో మరింత శ్రద్ధ అవసరం.

వ్యాధి నిర్ధారణ

మొదటి పరీక్ష ఎక్స్‌రే. ఆస్టియోసార్కోమాలో ఎముక నుండి సూర్యకిరణాల వలె బయటకు వచ్చే గీతలు, ఎముక పైపొర లేచి ఏర్పడే త్రికోణం కనిపించవచ్చు. ఈ త్రికోణానికి బోస్టన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ పేరు పెట్టారు. యూయింగ్ సార్కోమాలో ఉల్లిపాయ పొరల వంటి ఆకృతి కనిపించవచ్చు. తరువాత ఎమ్మారై పరీక్ష ద్వారా కణితి ఎముకలో ఎంతవరకు ఉంది, రక్తనాళాలకు, నరాలకు ఎంత దగ్గరగా ఉంది తెలుసుకుంటారు. వ్యాధి పాకే అవకాశం ఊపిరితిత్తులకే ఎక్కువ గనుక ఛాతీకి సీటీ స్కాన్, ఇతర ఎముకల కొరకు బోన్ స్కాన్ లేదా పెట్ స్కాన్ చేస్తారు. వ్యాధి బయటపడే నాటికే 15 నుండి 20 శాతం రోగులలో అది పాకినట్లు స్కానులలో కనిపిస్తుంది. రక్తపరీక్షలు మామూలుగా ఉన్నంత మాత్రాన వ్యాధి లేదనుకోరాదు.

క్యాన్సర్ అని తేల్చేది బయాప్సీ. దీనినే వాడుకలో ముక్క పరీక్ష అంటారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందనే భయం ప్రజలలో ఉంది. సరైన పద్ధతిలో, సరైన చోట తీసినప్పుడు ఈ భయానికి ఆధారం లేదు. అయితే సూది వెళ్ళిన మార్గంలో కణితి కణాలు మిగిలి ఉండవచ్చు కాబట్టి, ఆ మార్గాన్ని కూడా తరువాతి శస్త్రచికిత్సలో కణితితో పాటు తొలగిస్తారు. తప్పుచోట కోత పెడితే, నిలపగలిగిన కాలును కూడా తొలగించవలసి రావచ్చు. అందువల్ల ఎక్స్‌రేలో అనుమానం కలిగిన వెంటనే బయాప్సీని స్థానికంగా చేయించక, చివరి శస్త్రచికిత్స చేయబోయే కేంద్రంలోనే చేయించాలి.

చికిత్స

ఎముక క్యాన్సర్ చికిత్సను ఎముకల శస్త్రవైద్యుడు, క్యాన్సర్ మందుల వైద్యుడు, వ్యాధి శాస్త్రవేత్త, రేడియేషన్ వైద్యుడు, ఫిజియోథెరపిస్టు కలిసి నిర్ణయిస్తారు. సాధారణంగా ముందు 2, 3 నెలలు కీమోథెరపీ, తరువాత శస్త్రచికిత్స, ఆ తరువాత మళ్ళీ కీమోథెరపీ ఇస్తారు. ఆస్టియోసార్కోమాకు మొత్తం 6 నుండి 9 నెలలు, యూయింగ్ సార్కోమాకు 8 నుండి 12 నెలలు పట్టవచ్చు.

కీమోథెరపీ

స్కానులలో కనిపించకపోయినా, చాలామంది రోగులలో వ్యాధి గుర్తించే నాటికే అతిసూక్ష్మమైన కణాలు రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరి ఉంటాయి. కాలు తీసివేసినా పూర్వం రోగులు మరణించడానికి ఇదే కారణం. ఆ కణాలను నాశనం చేయడానికే మందులు. అమెరికాలో జరిపిన ఒక పరిశోధనలో శస్త్రచికిత్స మాత్రమే జరిగినవారిలో 17 శాతం మంది, దానితో పాటు మందులు తీసుకున్నవారిలో 66 శాతం మంది 2 సంవత్సరాల పాటు వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నారని 1986లో ప్రచురించారు. ఆ తరువాత మందుల అవసరంపై సందేహం మిగలలేదు.

ఆస్టియోసార్కోమాకు ముఖ్యమైన మందులు మెథోట్రెక్సేట్, డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్, ఐఫాస్ఫమైడ్. యూయింగ్ సార్కోమాకు విన్‌క్రిస్టిన్, డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్, ఎటోపోసైడ్ వాడతారు. శస్త్రచికిత్సలో తీసిన కణితిని పరీక్షించినప్పుడు 90 శాతం లేదా అంతకు మించి కణాలు మరణించి ఉంటే మందు బాగా పనిచేసినట్లు భావిస్తారు.

వీటిలో మెథోట్రెక్సేట్ చరిత్ర తెలుగువారికి సన్నిహితమైనది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించాడు. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులు ఆయన బృందం కృషి ఫలితాలు. అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1947 చివర రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి తాత్కాలిక ఉపశమనం సాధించాడు. సుబ్బారావు 1948లో మరణించాడు. 1970వ దశకారంభంలో బోస్టన్‌లోనే నార్మన్ జాఫే మెథోట్రెక్సేట్‌ను చాలా పెద్ద మోతాదులో ఎముక క్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. ఈ మోతాదు ఆరోగ్యకరమైన కణాలను కూడా చంపగలదు. అందుచేత నిర్ణీత గంటల తరువాత ల్యూకోవోరిన్ అనే విరుగుడు మందు ఇచ్చి వాటిని కాపాడతారు. ఈ పద్ధతిలో రక్తంలో మందు పరిమాణాన్ని పదేపదే కొలవాలి. ఆ సౌకర్యం అన్నిచోట్లా లేనందున భారతదేశంలో పలు కేంద్రాలు మెథోట్రెక్సేట్ లేని పద్ధతులను వాడుతున్నాయి. డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్, ఐఫాస్ఫమైడ్‌లతో ముంబయి టాటా స్మారక ఆసుపత్రి రూపొందించిన ఓజీఎస్-12 పద్ధతి వీటిలో ఒకటి.

జుట్టు రాలడం, వాంతులు, నోటిపూత, రక్తకణాలు తగ్గడం మందుల సాధారణ దుష్ఫలితాలు. జుట్టు చికిత్స ముగిసిన తరువాత మళ్ళీ వస్తుంది. తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు జ్వరం వస్తే అది అత్యవసర పరిస్థితి. ఇంట్లో జ్వరం బిళ్ళ వేసి తెల్లవారేదాకా చూడరాదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. డాక్సోరుబిసిన్ గుండెను, సిస్‌ప్లాటిన్ వినికిడిని, మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు గనుక వాటి పరీక్షలు క్రమం తప్పక చేస్తారు. కొన్ని మందులు సంతానోత్పత్తిపై ప్రభావం చూపవచ్చు. యుక్తవయసు వచ్చిన బాలురకు చికిత్సకు ముందే వీర్యం భద్రపరిచే అవకాశం ఉంది. బాలికలకు గల మార్గాలను గురించి కూడా మొదటి మందుకు ముందే వైద్యుని అడగాలి.

శస్త్రచికిత్స

కణితిని చుట్టూ ఆరోగ్యకరమైన కణజాలంతో సహా పూర్తిగా తొలగించడం శస్త్రచికిత్స లక్ష్యం. తొలగించిన ఎముక స్థానంలో లోహంతో చేసిన కృత్రిమ ఎముకను, కీలును అమరుస్తారు. తక్కువ ధరకు లభించే ఇటువంటి కృత్రిమ కీళ్ళు భారతదేశంలోనే తయారవుతున్నాయి. ఇంకా ఎదగవలసిన పిల్లలకు పొడవు పెంచుకోగల కృత్రిమ ఎముకలు ఉన్నాయి, కాని అవి ఖరీదైనవి. కొందరిలో రోగి ఎముకనే బయటకు తీసి, అధిక మోతాదు రేడియేషన్‌తో కణితి కణాలను చంపి, తిరిగి అదే స్థానంలో అమరుస్తారు. మరొక పద్ధతిలో మోకాలిని తొలగించి, క్రింది కాలిని వెనుకకు త్రిప్పి తొడకు అతుకుతారు. అప్పుడు చీలమండ మోకాలి పని చేస్తుంది. చూడడానికి వింతగా ఉన్నా, ఈ పిల్లలు కృత్రిమ పాదంతో పరుగెత్తి ఆడగలరు.

ప్రధాన రక్తనాళాలను, నరాలను కణితి చుట్టివేసినప్పుడు కాలు తొలగించక తప్పదు. తల్లిదండ్రులు అనేకసార్లు ఇక్కడే చికిత్స మానుకొని ఇంటికి మరలుతారు. అలా మరలిన పిల్లవాడి కాలు కూడా దక్కదు. కణితి పగిలి పుండై, ఊపిరితిత్తులకు పాకి ప్రాణం తీస్తుంది. కాలు తొలగించిన తరువాత జీవితం ఉందనడానికి తెలుగువారికి తెలిసిన ఉదాహరణ నర్తకి సుధా చంద్రన్. ఆమె కాలు కోల్పోయినది క్యాన్సర్ వల్ల కాదు, 1981లో జరిగిన ప్రమాదం వల్ల. జైపూర్ పాదంతో తిరిగి నాట్యమాడిన ఆమె జీవితం ఆధారంగా సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1985లో మయూరి చిత్రం వచ్చింది. అందులో ఆమే నటించింది.

రేడియేషన్

యూయింగ్ సార్కోమా రేడియేషన్‌కు బాగా లొంగుతుంది. శస్త్రచికిత్సకు వీలులేని చోట, లేదా దానికి తోడుగా రేడియేషన్ వాడతారు. ఆస్టియోసార్కోమా అంతగా లొంగదు. కావున దానికి శస్త్రచికిత్సే ప్రధానం.

వ్యాధి పాకినప్పుడు

ఊపిరితిత్తులలో కొన్ని గడ్డలు మాత్రమే ఉంటే వాటిని కూడా శస్త్రచికిత్సతో తొలగించవచ్చు. ఇటువంటి రోగులలో 20 నుండి 30 శాతం మంది దీర్ఘకాలం జీవిస్తారు. వ్యాధి నయం కాని స్థితిలో నొప్పి, ఆయాసం తగ్గించే ఉపశమన చికిత్స అవసరం. మార్ఫిన్ వంటి మందులు వైద్యుని పర్యవేక్షణలో నోటి ద్వారా ఇవ్వవచ్చు. బాధ లేకుండా ఉండడం ఆ పిల్లల హక్కు.

టెర్రీ ఫాక్స్

ఈ వ్యాధిని ప్రపంచానికి పరిచయం చేసినవాడు కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ (1958–1981). 1976లో మోకాలిలో నొప్పి మొదలైనప్పుడు బాస్కెట్‌బాల్ పోటీలు ముగిసేదాకా అతడు పట్టించుకోలేదు. 1977 మార్చిలో ఆస్టియోసార్కోమా అని తేలింది, కుడికాలు తొలగించారు. క్యాన్సర్ పరిశోధనకు నిధుల కొరకు 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో కెనడా దేశాన్ని తూర్పు నుండి పడమరకు దాటడానికి పరుగు ప్రారంభించాడు. 143 రోజులలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తిన తరువాత, వ్యాధి ఊపిరితిత్తులకు పాకడంతో సెప్టెంబరు 1న ఆగిపోయాడు. 1981 జూన్ 28న మరణించాడు. అతని పేరిట జరిగే పరుగులు నేటికీ క్యాన్సర్ పరిశోధనకు నిధులు సమకూరుస్తున్నాయి.

తెలుగు ప్రాంతాలలో చికిత్స

బుచ్చయ్యపేట, చోడవరం పరిసరాల వారికి ఎక్స్‌రే సౌకర్యం అనకాపల్లిలో లభిస్తుంది. అనుమానం బలపడితే విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి గాని, అనకాపల్లి – విశాఖపట్నం దారిలో అగనంపూడి వద్ద గల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గాని వెళ్ళవచ్చు. రెండవది టాటా స్మారక కేంద్రానికి చెందినది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, 2000లో ప్రారంభమైన బసవతారకం ఇండో-అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

పేద కుటుంబాల కొరకు 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో క్యాన్సర్ చికిత్సలు చేరి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకానికి 2024లో ఎన్టీఆర్ వైద్యసేవ అనే పేరు పెట్టారు. చికిత్సకు ప్రయాణించే క్యాన్సర్ రోగులకు, తోడు వెళ్ళేవారికి రైల్వేలో రాయితీ ఉంది. చికిత్స ఉచితమైనా నెలల తరబడి కూలి పోవడం, పట్నంలో బస, భోజనాల ఖర్చు కుటుంబాలను క్రుంగదీస్తాయి. మధ్యలో మానివేయడానికి అధికంగా ఇదే కారణం. పెద్ద ఆసుపత్రులలోని సామాజిక కార్యకర్తలను మొదటిరోజే కలిస్తే బసకు, సహాయానికి గల మార్గాలు తెలుస్తాయి.

చికిత్స తరువాత

మొదటి 2 సంవత్సరాలు సుమారు 3 నెలలకు ఒకసారి, తరువాత మరికొంత వ్యవధితో ఛాతీకి, ఆపరేషన్ జరిగిన భాగానికి పరీక్షలు చేస్తారు. గుండె, వినికిడి, మూత్రపిండాల పరీక్షలు ఇంకా ఎక్కువ కాలం అవసరం. ఫిజియోథెరపీ మానకుండా చేస్తేనే మోకాలు సరిగా మడవగలుగుతారు.

చికిత్స వల్ల సాధారణంగా ఒక విద్యాసంవత్సరం పోతుంది. ఆ పిల్లవాడి పేరు బడి నుండి తొలగించకుండా ఉంచడం, పాఠాలు ఇంటికి పంపడం, తరగతి గదిని క్రింది అంతస్తుకు మార్చడం బడి చేయగల సహాయం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం గలవారికి ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం స్థానాలు కేటాయించాలి. వ్యాధి నయమైన పిల్లలు ఉన్నత చదువులు చదివి, ఉద్యోగాలు చేసి, వివాహం చేసుకొని సాధారణ జీవితం గడపగలరు.